గట్టు తగాదా ఒకటే, ఉచిత లాయరు మాత్రం సగానికే

సంపాదకులు గారికి,

మన జిల్లాలో పొలం గట్టు తగాదా ఒక్క కేసుతో పోదు. మాటా మాటా పెరిగి కర్ర లేచిందంటే పోలీసు స్టేషన్లో ఒక కేసు. నెల తిరక్కుండా అదే గట్టు మీద, అవతలివాడు అటు అడుగు పెట్టకుండా కోర్టు ఉత్తర్వు కోరే ఇంజంక్షన్ దావా. ముప్పయ్యేళ్లకు పైగా ప్లీడరు గుమస్తాగా పనిచేసి ఇలాంటి కేసు కట్టలు ఎన్ని మోశానో లెక్కలేదు. చిన్న ఊళ్ల కోర్టుల్లో ఆ రెండు కేసులూ తరచుగా ఒకే జడ్జి గారి ముందుకే వస్తాయి. జూనియర్ సివిల్ జడ్జీ ఆయనే, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటూ ఆయనే. పేదవాడికి సర్కారు ఇచ్చే లాయరు మాత్రం ఆ కుర్చీ ముందు క్రిమినల్ కేసు పిలిచినప్పుడే లేస్తాడు.

నేను పని మానేశాక మా ఊరి కుర్రాడొకడికి జరిగింది చెబుతాను. హైదరాబాద్‌లో సెంట్రింగు పనికెళ్లి సంక్రాంతికి వచ్చాడు. దాయాదులతో గట్టు దగ్గర కొట్లాట, అవతలివాడి తల పగిలింది, ఇతనికి రిమాండు. పేద ముద్దాయిల కోసం సర్కారు పెట్టిన డిఫెన్స్ కౌన్సిల్ లాయరు జైలుకు వెళ్లి మాట్లాడారు, బెయిలు పిటిషను వేశారు. ఆయన పనిలో నాకు వంక కనబడదు. బెయిలు వచ్చింది గానీ ఇద్దరు జామీనుదారులు దొరకడానికే రోజులు పట్టింది. ఈలోగా దాయాదులు దావా వేశారు. సమన్లు ఇంటి తలుపుకి అంటించి పోయారు. భార్యకి చదువు రాదు. అది కూడా జైలు కాగితమే అనుకుని, లాయరు గారు చూసుకుంటున్నారు కదా అని చూరులో దోపింది. నా దగ్గరికి తెచ్చేసరికి, ఇటువైపు ఎవరూ హాజరు కాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోయింది. రద్దు కోరే పిటిషనుకి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు, అదీ దాటిపోయింది. 'బావూ, ఆ లాయరు బాబుని అడిగితే పొలం కాగితం నాది కాదమ్మా అన్నాడు' అంది. ఆయన అబద్ధమాడలేదు. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) 2022లో తెచ్చిన ఆ పథకంలో డిఫెన్స్ కౌన్సిల్ పని క్రిమినల్ కేసుల వరకే. సివిలుకి విడిగా అర్జీ పెట్టుకోవాలి, ఆ సంస్థ జాబితాలోని ప్యానెల్ లాయరుని వేరే కేటాయిస్తారు.

విడ్డూరమేమిటంటే ఆ అర్జీకి ఆమె పూర్తిగా అర్హురాలు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరుని ఇవ్వాలి, సివిలైనా క్రిమినలైనా. ఆ హక్కు సంగతి ఆమెకి చెప్పవలసిన సమయం భర్త కోసం లాయరుని కలిసిన మొదటి రోజే. ఆ రోజు ఎవరూ అడగలేదు, ఆమెకి తెలియదు.

న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేటలో 1997 నుంచి ఒక డిఫెన్స్ సంస్థ ఈ రెండు పనులూ కలిపే చేస్తోంది. అరెస్టయినవాడికి క్రిమినల్ లాయరుతో పాటు అద్దె ఇల్లు, ఉద్యోగం, పిల్లల సంగతి చూసే సివిల్ లాయరు, సామాజిక కార్యకర్త ఒకే బృందంగా ఉంటారు. పదేళ్ల కాలంలో 5 లక్షలకు పైగా కేసులు పరిశీలించిన అధ్యయనం 2019లో వెలువడింది. శిక్షపడిన కేసుల నిష్పత్తి మారలేదు గానీ, జైలుశిక్ష పడే అవకాశం 16 శాతం, శిక్షాకాలం 24 శాతం తగ్గాయని అది తేల్చింది. అక్కడ సివిల్ కేసుల్లో సర్కారు లాయరు రాజ్యాంగపరమైన హక్కు కాదు, అందుకని రెండింటినీ కలపడానికి చాలా ప్రయాస పడ్డారు. మనకి రాజ్యాంగంలో ఉచిత న్యాయ సహాయం గురించిన 39ఎ అధికరణం ఉంది, చట్టం ఒకటే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఒకటే. విడిపోయింది లాయరు బల్ల దగ్గర మాత్రమే.

కాబట్టి కొత్త చట్టం అడగడం లేదు. డిఫెన్స్ కౌన్సిల్ కార్యాలయంలోనే ఒక సివిల్ లాయరుని కూర్చోబెట్టండి. ముద్దాయినీ ఇంటివాళ్లనీ మొదటిసారి కలిసినప్పుడు రాసుకునే కాగితంలో నాలుగు ప్రశ్నలు చేర్చండి: భూమి తగాదా ఉందా, ఇంటికి ఏమైనా నోటీసు వచ్చిందా, మేస్త్రీ కూలి బాకీ ఉన్నాడా, పింఛనో రేషనో ఆగిందా. అదే జరిగితే మా కుర్రాడి దావాకి వకాల్తా వేళకు పడేది. రెండు కట్టలూ ఒకరి చేతిలో ఉంటే దావాని లోక్ అదాలత్‌కి తీసుకెళ్లే దారీ తొందరగా దొరికేది. రాజీకి వీలైన సెక్షన్లయితే క్రిమినల్ కేసు కూడా.

సివిల్ పని మీద పడితే బెయిలు పనులు వెనకబడతాయని కొందరు లాయర్లు అంటారు. న్యాయమైన భయమే, అందుకే అదే లాయరుకి ఇంకో కట్ట తగిలించమనడం లేదు, మనిషిని పెంచమంటున్నాను. ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ పైకి అనరు. భార్యే భర్త మీద గృహహింస కేసు వేస్తే, భరణం అడిగితే, ఆ కార్యాలయం ఇద్దరి తరఫునా నిలబడకూడదు. భర్త అక్కడి ముద్దాయి అయితే ఆమె కేసు బయటి ప్యానెల్ లాయరుకే వెళ్లాలి, ఆమె చెప్పిన మాట ఆ గది దాటకూడదు. ఈ ఒక్క నియమం ముందే రాసి పెట్టుకోకపోతే కలపకపోవడమే మేలు.

మా కుర్రాడు మళ్లీ హైదరాబాద్ వెళ్లాడు, వాయిదాలకి రానూపోనూ అవస్థ పడుతున్నాడు. ఎక్స్‌పార్టీ రద్దు పిటిషను, దాంతో ఆలస్యం మాఫీ పిటిషను ఇంకా నడుస్తున్నాయి. ఆమెకి ప్యానెల్ లాయరు కావాలని అర్జీ నేనే రాసిచ్చాను. ఇప్పటికీ నెలకొకరైనా ఏదో కాగితం పట్టుకుని మా అరుగు మీదికి వస్తూనే ఉన్నారు. ఏమీ తోచనివారికి న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోను చెయ్యమని చెబుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్లీడరు గుమస్తా,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా