బిగుసుకుపోయిన రివాల్వర్ సిలిండర్ సంగతి

నాన్నా,

మేం అందరం బాగున్నాం. మొన్న ఫోన్లో సగంలో ఆగిపోయిన సంగతి రాస్తున్నాను, మన ఇంట్లో ఇది అర్థమయ్యేది నీకొక్కడికే. అమ్మకి ముందే చెప్పు, టెన్షన్ పడక్కర్లేదని. రివాల్వర్ నాది కాదు, పక్కింటి పెద్దాయనది. హెచ్‌1బీ మీద ఉన్నన్నాళ్లూ నేను వాటి జోలికే పోలేదు, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప ఆ వీసా వాళ్ల దగ్గర తుపాకీ ఉండటం ఇక్కడ నేరం. ఇప్పుడు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ముట్టుకున్నాను.

అది వాళ్ల నాన్నగారి స్మిత్ అండ్ వెసన్, .38 స్పెషల్, ఆరు తూటాలది. మోడల్ నంబరు కొట్టి లేదు. ఆ నంబర్లు 1957లో మొదలయ్యాయి, అంటే అంతకన్నా పాతదే. కొన్నేళ్లుగా సిలిండర్, అదే తూటాలు పెట్టే చక్రం, బరువుగా తిరిగేదట, ఇప్పుడు పక్కకి తెరుచుకోవడమే మానేసింది.

తెరుచుకోని దాన్ని ఖాళీనో కాదో ఎలా చూడాలి? గొట్టాన్ని ఇసుక బస్తా వైపు పెట్టి, పక్క నుంచి టార్చి వేశాను. సిలిండర్ వెనక సన్నటి సందులో తూటాల అంచులు కనపడాలి కదా, కనిపించినంతలో ఏమీ లేవు. అయినా తెరిచేదాకా నిండుగా ఉన్నట్టే పట్టుకున్నాను, నువ్వు నేర్పినట్టే.

పెద్దాయన పక్క ప్లేటు స్క్రూలు విప్పుదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒక్క చోటే పట్టేస్తే ఎజెక్టర్ రాడ్ (పేలిన ఖాళీలని బయటికి తోసేది) వంగిందనో, ఏదో ఒక తూటా గదిలో మురికి ఉందనో అనుకోవచ్చు, కానీ ఇది చుట్టూతా ఒకేలా బరువుగా తిరిగి, చివరికి తెరుచుకోవడమే మానేసిందంటే నాకు అనుమానం గొట్టం కింద ఉండే ఆ రాడ్ వదులైందనే. దాని మర వదులైతే రాడ్ ముందుకి పొడుగై, కొస వెళ్లి ముందున్న లాకులో ఒత్తుకుంటుంది. 1960 ప్రాంతంలో కంపెనీ ఆ మరని ఎడమచేతి మరగా మార్చింది, అలా వదులు కాకూడదనే. ఇది పాతది కాబట్టి మామూలు మరే. రాడ్‌కి తోలు ముక్క చుట్టి, ముందు వైపు నుంచి చూస్తూ కుడికి అర చుట్టు తిప్పానో లేదో, సిలిండర్ టక్కున తెరుచుకుంది! ఆరు గదుల్లోనూ వేలు పెట్టి చూశాను, ఖాళీ.

తర్వాత గదుల్లో పేలిన తూటాల ఖాళీ గొట్టాలు పెట్టి రాడ్‌ని పూర్తిగా బిగించాను. అవి లేకుండా బిగిస్తే బలమంతా రాడ్ వెనక కొసనున్న నక్షత్రం ఆకారపు ముక్క మీద పడి అది పాడవుతుంది. ఆ నక్షత్రం కింద చూస్తే కాలని మందు పలుకులు, ఎన్నేళ్ల నూనో గట్టిపడి జిగురులా ఉంది. బరువుగా తిరగడానికి సగం కారణం అదే. సాల్వెంట్, పాత పళ్ల బ్రష్, నువ్వు చిందీ అనే గుడ్డ ముక్కలు, గంట పని. నూనె మాత్రం ఒక్క చుక్కే వేశాను. బిగుసుకుందని నూనె మీద నూనె పోస్తూనే ఆయన దాన్ని ఇంతదాకా తెచ్చాడు. పేల్చాక గొట్టం పైకెత్తి ఖాళీలు తొయ్యమని, అప్పుడు పలుకులు కూడా వాటితోపాటే కింద రాలిపోతాయని చెప్పి వచ్చాను.

మీ ఆర్మ్స్ బెల్‌లోని (ఆయుధాల గదిలోని) వెబ్లీ రివాల్వర్లు నడుముకి విరిచి తెరిచేవి కదా, వాటికి ఇలాంటి రాడ్ గొడవ లేదనుకుంటాను. మరి అవి బిగుసుకుంటే మొదట ఎక్కడ చూసేవాడివి? తప్పకుండా రాయి, పెద్దాయన కూడా అడుగుతున్నాడు.

బీపీ మాత్రలు మానకు.

నీ చిన్నోడు