ఫ్రీ త్రో గీత 1.20 మీటర్లు ముందుకొచ్చింది

సంపాదకుడు గారికి,

నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇక్కడ మా పిల్లలు ఆడుకునే ఒక బాస్కెట్‌బాల్ కోర్టుకి ఈమధ్య కొత్తగా రంగులు వేశారు. చూడ్డానికి కళకళలాడుతోంది. కానీ గీతల కొలతలు తప్పు. ఆ సంగతి నా మేనకోడలు ఏడ్చేదాకా మాకెవరికీ తెలియలేదు.

పక్క ఊళ్లో స్కూళ్ల పోటీలకి వెళ్లింది. ఆట ఆఖర్లో రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. అంటే అవతలివాళ్లు ఫౌల్ చేస్తే, గీత వెనక నిలబడి ఎవరూ అడ్డం రాకుండా బుట్టలోకి వేసే బంతులు. మా కోర్టులో పదికి ఏడు వేసే పిల్ల. మొదటి బంతి రింగుకి జానెడు ముందే కిందికి దిగిపోయింది. రెండోది గట్టిగా ముందుకు వాలి వేసింది. బుట్టలో పడింది కూడా. కానీ బంతి అక్కడికి చేరకముందే కాలు గీత తొక్కింది. పాయింటు ఇవ్వలేదు. ఇంటికొచ్చి, "మావయ్యా, అక్కడ గీత దూరంగా ఉంది" అంది. "గీత ఎందుకు దూరంగా ఉంటుందమ్మా, నువ్వే టెన్షన్ పడి ఉంటావు" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం టేపు పట్టుకుని వెళ్లాం. బుట్ట వెనకాల కోర్టు ముగిసే గీత, అదే ఎండ్ లైన్ దగ్గర ఒక కొస తను నొక్కి పట్టుకుంది. ఫ్రీ త్రో గీత అవతలి అంచుకి 4.60 మీటర్లు వచ్చింది. ఉండాల్సింది 5.80. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధనల్లో 4.60 అన్న అంకె ఉంది, అయితే అది బుట్ట తగిలించిన బోర్డు నుంచి కొలవాల్సింది. బోర్డు ఎండ్ లైన్ కంటే 1.20 మీటర్లు లోపలికి ఉంటుంది. ఇక్కడ ఎండ్ లైన్ నుంచే కొలిచేశారు. అంటే ఇన్నాళ్లూ మా పిల్లలు బోర్డుకి 3.40 మీటర్ల దూరంలో నిలబడి ప్రాక్టీస్ చేస్తున్నారు.

బోర్డు కింద మూడు సెకండ్లకు మించి నిలబడకూడని చోటు కూడా పాత పద్ధతిలోనే గీశారు. ఎండ్ లైన్ దగ్గర 6 మీటర్లు ఉండి ఫ్రీ త్రో గీత వైపు సన్నబడే ఆ ఆకారాన్ని ఫిబా 2010లోనే తీసేసి, 4.90 మీటర్ల వెడల్పున్న దీర్ఘచతురస్రంగా మార్చింది. ఆఖరి ఫ్రీ త్రో వేసేటప్పుడు దానికి అటూ ఇటూ గళ్లలో అవతలి జట్టు వాళ్లు ముగ్గురు, వేసే జట్టు వాళ్లు ఇద్దరు నిలబడొచ్చు. బంతి చేతిలోంచి వదిలేదాకా వాళ్లు గడి దాటి రాకూడదు. మా కోర్టులో ఆ గళ్లే లేవు. పిల్లలు అందాజుగా నిలబడతారు, బయటికెళ్తే తప్పు చేస్తారు.

పెయింటర్‌ని నేను తప్పుపట్టను. చేతికిచ్చిన చీటీ చూసి వేశాడు. పని చేయించినవాళ్లు ఒక్కసారి టేపు పెట్టి చూసుకోవాల్సింది. అడిగితే "పిల్లలు ఆడుకునేదే కదా, ఏమవుతుంది?" అన్నారు. మా పిల్లలు ఇటు బరంపురం, అటు శ్రీకాకుళం దాకా పోటీలకి వెళ్తారు. అక్కడ గీత ఉండాల్సిన చోటే ఉంటుంది.

మళ్లీ స్కూళ్ల పోటీలు మొదలయ్యేలోగా రెండు వైపులా ఆ గీతలు చెరిపి కొలతల ప్రకారం వేయించాలని కోరుతున్నాను. ఇక్కడ చాలామంది పిల్లలకి బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఆ కొలతలు రెండు భాషల్లోనూ కోర్టు గోడ మీద రాయిస్తే తర్వాత రంగు వేసేవాళ్లకీ పనికొస్తుంది.

ప్రస్తుతానికి సుద్దముక్కతో సరైన చోట మేమే గీత గీసుకున్నాం. వాన పడ్డప్పుడల్లా పోతోంది, మళ్లీ గీస్తున్నాం. నిన్న సాయంత్రం అక్కణ్ణుంచి నా మేనకోడలు పదికి మూడు వేసింది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా