గంపగుత్త ఓటు అనేముందు కారణం కూడా రాయండి

సంపాదకులకు,

అమెరికా ఎన్నికల మీద మీరు వేసిన విశ్లేషణ వచ్చి వారం దాటింది, పోనీలే అనుకున్నాను గానీ నిన్న టీవీ చర్చలోనూ అదే మాట వినేసరికి ఊరుకోబుద్ధి కాలేదు. నల్లజాతి వాళ్ళు డెమోక్రాట్లకు గంపగుత్తగా వేస్తారు, అది వాళ్ళ అలవాటు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎందుకు వేస్తారో ఒక్క వాక్యమైనా లేదు.

1964లో అమెరికా దక్షిణాది రాష్ట్రం మిసిసిపీ సంగతి తీసుకోండి. ఓటు వయసున్న నల్లజాతి వాళ్ళలో నూటికి 7 మందికి కూడా జాబితాలో పేరు లేదు. నమోదుకు వెళ్తే గుమాస్తా రాష్ట్ర రాజ్యాంగంలో ఒక భాగం ఇచ్చి అర్థం రాయమనేవాడు, రాసింది సరైనదో కాదో తేల్చేదీ ఆయనే. ఆ ఏడాది, జాతి వివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టాన్ని సెనేట్‌లో వ్యతిరేకించిన రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్‌కు అక్కడ 87 శాతం ఓట్లు పడ్డాయి. చట్టం మీద సంతకం పెట్టింది డెమోక్రాట్ అధ్యక్షుడు జాన్సన్. బానిసత్వాన్ని పోగొట్టిన లింకన్ పార్టీ అని తరాల పాటు రిపబ్లికన్లను నమ్ముకున్న నల్లజాతి వాళ్ళు 1930లలో డెమోక్రాట్ రూజ్‌వెల్ట్ కాలంలోనే డెమోక్రాట్ల వైపు జరగడం మొదలుపెట్టి, 1964తో దాదాపు పూర్తిగా వచ్చేశారు. ఇంత అనుభవించి వేసే ఓటును అలవాటు అంటే ఎట్లా? జాన్సన్ తర్వాత ఏ డెమోక్రాట్ అభ్యర్థికీ తెల్లవాళ్ళ ఓట్లలో మెజారిటీ రాలేదని సర్వేలు చెప్తున్నాయి, దాన్ని ఎవరూ గంపగుత్త అనరే!

లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళ) గురించి రాసిందీ అంతే, వాళ్ళ ఓటునూ రంగుతోనే తేల్చేశారు. టెక్సస్ రాష్ట్రంలో మెక్సికో సరిహద్దున స్టార్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఉంది, అక్కడి జనంలో దాదాపు అందరూ లాటినోలే. 2012లో ఒబామాకు 86 శాతం ఇచ్చిన ఆ కౌంటీలో 2024లో ట్రంప్ గెలిచారు, 1892 తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో అక్కడ రిపబ్లికన్ గెలవడం అదే మొదటిసారి. రంగు మారలేదు కదా, మరి ఓటెందుకు మారింది? ధరలా, వలసలా, ఉద్యోగాలా? అది రాయాల్సిన చోట ట్రంప్‌తో పాటు ఉపాధ్యక్షుడిగా గెలిచిన జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు వడ్లూరులో సంబరాల ఫొటో సగం పేజీ వేశారు. ఫొటో వెయ్యండి, వద్దనను, కానీ అసలు విషయానికి చోటు లేకపోతే ఎలా?

ఇదంతా మన ఎన్నికల విశ్లేషణల జబ్బే. ఇక్కడ ఎన్నికల సంఘం మగవాళ్ళు ఎంతమంది, ఆడవాళ్ళు ఎంతమంది ఓటేశారో చెప్తుంది, కులాల లెక్క ఇవ్వదు. అయినా తెల్లారేసరికి ఫలానా సామాజికవర్గం ఇన్ని శాతం అటు వేసిందని స్టూడియోల్లో ధీమాగా చెప్పేస్తారు, అడిగేవాడు లేడు. అమెరికాలో జాతులవారీ అంకెలైనా ఎగ్జిట్ పోల్ లాంటి సర్వేల అంచనాలే, ఒక సర్వేకీ ఇంకో సర్వేకీ తేడా ఉంటుంది. ఇకనైనా అలాంటి అంకె అచ్చేసినప్పుడు అది ఎవరు, ఎంతమందిని అడిగి తెచ్చిందో కింద ఒక లైన్ వేయండి.

మీ పాఠకుడు