పుస్తకం మూసి చెప్పమనండి

తల్లిదండ్రులకు నమస్కారం.

త్రైమాసిక పరీక్షల పేపర్లు ఇచ్చిన రోజు ఇంటర్ రెండో సంవత్సరం అబ్బాయి తల్లి ఒకావిడ నా గదికి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "రాత్రి పన్నెండు దాకా పుస్తకం ముందే ఉంటాడు మేడమ్. టీవీ లేదు, ఫోన్ లేదు. అయినా మార్కులెందుకు రావట్లేదు?"

అబ్బాయిని పిలిచి ఫిజిక్స్ పుస్తకం చూశాను. డాప్లర్ ప్రభావం పాఠం నిండా పసుపు, ఆకుపచ్చ హైలైటర్ గీతలే. పుస్తకం మూసి, "రైలు మన వైపు వస్తుంటే కూత ఎందుకు కీచుగా వినిపిస్తుంది? నీ మాటల్లో చెప్పు నాన్నా" అన్నాను. రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయాడు. "రాత్రి చదివినప్పుడు అంతా వచ్చినట్టే ఉంది మేడమ్" అన్నాడు.

ఆ మాట నిజమే. చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదివితే కళ్లకు అలవాటైపోతుంది. ఆ అలవాటును చూసి పాఠం వచ్చేసిందనుకుంటాం. పరీక్ష హాల్లో ఆ పేజీ ఎదురుగా ఉండదు.

అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం ఒకటి 2006లో వెలువడింది. ఒక బృందం నాలుగు విడతలూ ఒకే పాఠాన్ని చదువుతూ కూర్చుంది. ఇంకో బృందం ఒక విడత చదివి, మిగిలిన మూడు విడతల్లో చూడకుండా గుర్తున్నంత రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే తిరగబడింది. చదివినవాళ్లకు గుర్తున్నది సుమారు 40 శాతం, రాసినవాళ్లకు 61 శాతం. మన పిల్లల పరీక్షలు ఐదు నిమిషాల్లో ఉండవు కదా!

మనకిది కొత్త కాదు. సాయంత్రం అరుగు మీద నాన్న పుస్తకం పట్టుకుంటే మనం ఎక్కాలు, పద్యాలు అప్పజెప్పిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. మళ్లీ అదే చేయండి. కాకపోతే బట్టీగా కాకుండా సొంత మాటల్లో చెప్పించండి. మధ్యమధ్య "ఎందుకలా?" అని అడగండి. మీకు ఫిజిక్స్ రాకపోయినా ఫర్వాలేదు. తెలియనివాళ్లకు చెప్పబోయినప్పుడే తమకు ఏది అర్థం కాలేదో పిల్లలకు తెలుస్తుంది. రోజూ పదిహేను నిమిషాలు చాలు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మన దగ్గర ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకొని ఇంజనీరింగ్‌లో చేరిన కొందరు పిల్లలు మొదటి సెమిస్టర్‌లోనే బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) మిగిలాయని వచ్చి చెప్పారు. ఇక్కడ వారం వారం స్లిప్ టెస్టులు, స్టడీ అవర్లు, వెంటపడే లెక్చరర్లు. అక్కడ సెమిస్టర్ మధ్యలో మిడ్స్ అనే పరీక్షలు రెండు, చివర్లో ఎక్స్‌టర్నల్ అనే పెద్ద పరీక్ష. మధ్యలో "చదివావా?" అని అడిగేవాళ్లుండరు. మిడ్స్ ముందు రాత్రి జిరాక్స్ నోట్సు పట్టుకొని నైట్ అవుట్ చేస్తే రెండు మూడు మార్కులు రావచ్చు, సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల సగటు గ్రేడు) నిలబడదు. మేం టెస్టులు పెట్టి చదివించాం గానీ, తమకు తామే టెస్టు పెట్టుకోవడం నేర్పలేదు. ఆ లోటు మాది. అందుకే ఈ నెల నుంచి ప్రతి పీరియడ్‌లో చివరి ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి, ఆ రోజు విన్నది రాయిస్తున్నాం. దానికి మార్కులు వేయం.

లెక్కల్లో ఇంకో చిక్కుంది. ప్రస్తారాలు (వరుసగా అమర్చే లెక్కలు) ఒక వారం, సంయోగాలు (వరుసతో పని లేకుండా ఎంచుకునే లెక్కలు) ఇంకో వారం చేస్తే రెండూ వచ్చినట్టే ఉంటాయి. పేపర్లో రెండూ కలిపి ఇస్తే, ఇక్కడ వరుస ముఖ్యమా కాదా అన్న దగ్గరే పిల్లలు తడబడుతున్నారు. పరీక్షలో అసలు పని ఏ పద్ధతి వాడాలో తేల్చుకోవడమే. అందుకే ఇంట్లో కూడా పాత అధ్యాయాల లెక్కలు కలిపి చేయించండి. ఆదివారం మూడు గంటలు ఒకే పాఠం మీద కూర్చోబెట్టే బదులు, అరగంట చొప్పున వారమంతా పంచండి. రాత్రి పదిన్నర దాటితే దయచేసి లైటు ఆర్పేయండి.

ఈ దసరా సెలవులకు హోంవర్క్ పుస్తకాలు ఇవ్వడం లేదు. రోజుకొక కాగితం చొప్పున, పది కలగలిపిన ప్రశ్నలు ఇస్తున్నాం. పుస్తకం చూడకుండా రాయాలి. తర్వాత చూసి ఎర్ర పెన్నుతో తామే దిద్దుకోవాలి. సెలవుల తర్వాత జరిగే తల్లిదండ్రుల సమావేశానికి ఆ కాగితాలు ఉన్నవి ఉన్నట్టే తీసుకురండి. ఖాళీగా వదిలిన ప్రశ్నలను ఇంట్లో ఎవరూ నింపి పంపవద్దు. మా లెక్చరర్లు పాఠం మళ్లీ మొదలుపెట్టేది ఆ ఖాళీల దగ్గరి నుంచే.

మీ
ప్రిన్సిపాల్