గ్యాస్ పైపు తగిలితే ఏం చేయాలో జేసీబీ డ్రైవర్‌కు ఎవరు చెప్పాలి?

సంపాదకులు గారికి,

పోయిన నెల నెల్లూరులో మా వీధిలో డ్రైనేజీ కాలువ తవ్వుతుంటే జేసీబీ బకెట్ గ్యాస్ పైపుకు తగిలింది. బుస్సుమని చెవులు దిమ్మెక్కే శబ్దం, వెంటనే ఘాటైన కుళ్లు వాసన. పదడుగుల దూరంలో టిఫిన్ బండి మీద దోసెల పెనం కింద మంట మండుతూనే ఉంది. డ్రైవర్ చిన్న కుర్రాడు, కంగారుపడి బకెట్‌తో మట్టి తోసి ఆ గుంట పూడ్చబోయాడు. గల్ఫ్‌లో గ్యాస్ ప్లాంటులో పనిచేసి వచ్చిన మా ఎదురింటాయన పరుగున వచ్చి బండి ఇంజన్ ఆపించి, పొయ్యి ఆర్పించి, అందర్నీ గాలి వచ్చే వైపుకు నడిపించాడు కాబట్టి బతికిపోయాం. కంపెనీ మనుషులొచ్చి వాల్వు కట్టేసేసరికి ముప్పావు గంట పట్టింది.

మట్టి కప్పితే గ్యాస్ ఆగదు. మట్టిలోనే దారి వెతుక్కుంటూ కాలువల్లోకి, ఇళ్ల కిందికి పాకుతుంది. ఈ ముక్క ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు, అందుకే నాకు వాడి మీద కోపం లేదు.

2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో తెల్లవారుజామున గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా కాలిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీళ్లు కలిసిన గ్యాస్ పంపడంతో లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. వాసన వస్తోందని ఊరివాళ్లు ముందే మొత్తుకున్నారని కూడా అప్పట్లో పేపర్లలోనే చదివాం. 2006 చట్టంతో వచ్చిన పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు ఉంది, ఊళ్లలో వేసే గ్యాస్ లైన్లకు భద్రతా నిబంధనలు 2008 నుంచే ఉన్నాయి, ప్రమాదం జరిగితే ఎవరేం చేయాలో 2010లో విడిగా రూల్స్ పెట్టారు. ఇన్ని ఉండీ బోర్డు ఢిల్లీలో ఉంటే, గుంట మా వీధిలో పడుతోంది.

అమెరికాలో రాష్ట్రం లోపలి లైన్లను ఎక్కువగా ఆ రాష్ట్ర ఇన్‌స్పెక్టర్లే తనిఖీ చేస్తారు, వాళ్లకు కేంద్ర సంస్థ ఓక్లహోమా సిటీలో ట్రైనింగ్ ఇస్తుంది. అక్కడ ఎవరైనా తవ్వాలంటే ముందు 811కు ఫోన్ చేయాలి, మనుషులొచ్చి గ్యాస్ పైపు వెళ్లే దారిలో పసుపు రంగు గీత గీసి పోతారు. మన దగ్గరా 2023 మార్చిలో తవ్వేముందు సమాచారం ఇవ్వడానికి యాప్ వచ్చింది. మా వీధి కాంట్రాక్టర్‌ను దాని గురించి అడిగితే "అదేం యాప్ సార్?" అన్నాడు.

గ్యాస్ కంపెనీ మనిషి గుంట దగ్గర నిలబడి సంతకం పెడితేనే జేసీబీ కదలాలని వర్క్ ఆర్డర్‌లోనే రాయండి, అదేం పెద్ద ఖర్చు కాదు. జేసీబీ డ్రైవర్లకు, వార్డు సచివాలయం సిబ్బందికి ఒక పూట ట్రైనింగ్ ఇవ్వండి, వాళ్ల చేత నిజంగా ఒకసారి వాల్వు కట్టించి చూపించండి. జిల్లాకు ఒక ఇన్‌స్పెక్టర్‌ను వేసి, ఏ లైను ఎప్పుడు చూశాడో వార్డు ఆఫీసు గోడ మీద అంటించమనండి. మా ప్రాణాలకు సంబంధించిన కాగితం మేం చూడకూడదా?

వచ్చే వారం పక్క వీధిలో అదే కాలువ పని మొదలవుతుందట, అదే జేసీబీ వస్తుంది. ఆలోపు కనీసం ముగ్గుపిండితోనైనా పైపు వెళ్లే దారి గీయించమని కమిషనర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, వేదాయపాళెం, నెల్లూరు