కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024-25: సోలార్ పనులు, మోటారు వేళలు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో కాలువలు, కుక్కలు, చెత్త బండి సగం పేజీలు తినేస్తాయి. ఈసారి వాటిని ముందే ముగిస్తాను. వానలకు ముందు కాలువల్లో పూడిక తీయించాం. 2021 నవంబరులో మన తిరుపతిని ముంచెత్తిన వరద చూసినవాళ్లెవరూ ఈ ఖర్చు ఎందుకని అడగరు. సంక్రాంతి ముగ్గుల పోటీ, కంటి పరీక్షల శిబిరం బాగా జరిగాయి. కుక్కల సంగతి ఎప్పటిలాగే ఉంది. ఆడిటరు సంతకంతో జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఇక మిగతాదంతా సోలారే. కార్యవర్గం సమయం ఎక్కువగా దానికే పోయింది.

2024 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకం గురించి అందరూ వినే ఉంటారు. కోటి ఇళ్లకు సోలార్ పెట్టడానికి 75,021 కోట్ల రూపాయలు కేటాయించారు. ఇంటికి మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18 వేలు సబ్సిడీ వస్తుంది. మొత్తం 78 వేలకు మించదు. చాలామంది గమనించనిది ఏంటంటే, మనలాంటి నివాస సంఘాలకు కూడా ఉమ్మడి అవసరాల కోసం కిలోవాట్‌కు 18 వేలు ఇస్తారు. దాన్ని పట్టుకునే కమ్యూనిటీ హాలు మిద్దె మీద 10 కిలోవాట్ల ప్లాంటు పెట్టాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. సబ్సిడీ పోను మిగిలిన మొత్తం సంఘం మూలనిధి (కార్పస్ ఫండ్) నుంచి తీశాం.

మొదటి అభ్యంతరం డబ్బు గురించి రాలేదు, వడియాల గురించి వచ్చింది. ఎండాకాలంలో ఆ మిద్దె మీదే సగం కాలనీ వడియాలు, అప్పడాలు, ఎండు మిరపకాయలు ఆరబెట్టుకుంటుంది. "పలకలు పరిస్తే మేమెక్కడికి పోవాల?" అని పెద్దావిడ ఒకరు అడిగితే, సాంకేతిక వివరాలు చెబుతున్న మా అందరి నోళ్లూ మూతపడ్డాయి. చివరికి మనిషి కింద నడవగలిగేంత ఎత్తులో ఇనుప స్టాండు వేయించి, దక్షిణం వైపు కొంత జాగా పూర్తిగా వదిలేశాం. ఖర్చు కాస్త పెరిగింది. నా దృష్టిలో అది దండగ ఖర్చు కాదు. జనం వాడుకునే జాగాను లాగేసుకుంటే ఏ పథకమూ నిలవదు.

పని చేసిన ఏజెన్సీ గురించి రెండు మాటలు. వాళ్లు ఆఫీసులో కూర్చుని గీసిన ప్లానులో మన ఓవర్‌హెడ్ ట్యాంకు నీడ లేదు. మధ్యాహ్నం మూడు దాటితే ట్యాంకు నీడ ఓ వరుస పలకల మీద పడుతుందని మన కోశాధికారి గంట గంటకూ ఫోటోలు తీసి చూపించారు. పలకలన్నీ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద నీడ పడినా మిగతావాటి ఉత్పత్తికీ దెబ్బే. ఫోటోలు చూశాక వాళ్లు మారు మాట్లాడకుండా వరుస జరిపారు. ఇళ్ల మీద పెట్టించుకోబోయే సభ్యులు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మిద్దె ఎక్కి నీడ చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

కోతుల సంగతి అలిపిరి వైపు ఉండేవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పలకల మీద జారుడుబండ ఆడుకుంటే పోనీలే అనుకున్నాం. వైర్లు పట్టుకుని లాగడం మొదలుపెట్టాక మాత్రం వైరింగు మొత్తం ఇనుప పైపుల్లోకి మార్పించాల్సి వచ్చింది.

పలకలు కడగడంలోనూ కొన్ని జాగ్రత్తలున్నాయి. మన బోరు నీళ్లకు ఉప్పు ఎక్కువ, ఆరితే అద్దం మీద తెల్లటి మరకలు పడతాయి. అందుకే కడిగిన వెంటనే తుడవాలి. అదీ ఎండెక్కక ముందే చేయాలి, కాగిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది. వాచ్‌మన్ ఈ పని శ్రద్ధగా చేస్తున్నాడు, అతనికి నెలనెలా అదనంగా ఇస్తున్నాం.

పది కిలోవాట్లకు రోజుకు సగటున 40 యూనిట్లు వస్తాయని లెక్క. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఇంకా ఎక్కువ వస్తుందని చాలామంది ఆశపడ్డారు. కానీ పలక బాగా వేడెక్కితే ఉత్పత్తి తగ్గుతుంది. దానికి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల మబ్బులు పట్టే రోజుల్లో లెక్క మరీ పడిపోతుంది.

ఇంకో గొడవ. కరెంటు పోయినప్పుడు హాల్లో ఫ్యాన్లు ఆగిపోయేసరికి "ఇంత డబ్బు పోసి సోలార్ ఎందుకు పెట్టినట్టు?" అని వాట్సాప్‌లో పెద్ద రచ్చ జరిగింది. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన ఏ సోలారైనా అంతే. లైన్లో కరెంటు పోగానే, పలకల కరెంటును మనం వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టరు దానంతటదే ఆగిపోతుంది. లేకపోతే మన మిద్దె మీది కరెంటు వెనక్కి లైన్లోకి పోయి, స్తంభం మీద రిపేరు చేస్తున్న లైన్‌మన్ ప్రాణానికే ముప్పు.

ఇప్పుడు అసలు విషయం, మోటారు వేళలు. మొదట్నుంచీ మన బోరు మోటారు తెల్లవారుజామున నాలుగున్నరకు వేసేవాళ్లం. అప్పుడు సూర్యుడు ఎక్కడున్నాడు? ఆ వేళకు మన మోటారు తిప్పేది చాలావరకు బొగ్గే. కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ కేంద్రం 1,650 మెగావాట్లది, సింగరేణి నుంచి రైళ్లలో బొగ్గు తెచ్చి అక్కడ మండిస్తారు. 2025 జూన్‌లో దేశంలో కరెంటు తయారుచేసే సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ లాంటి ఇంధనాలు కానివాటిదైంది. 2030కి పెట్టుకున్న ఈ లక్ష్యం అయిదేళ్ల ముందే అందింది. సంతోషమే. కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. నిజంగా దేశంలో తయారయ్యే యూనిట్లలో సుమారు 70 శాతం ఇప్పటికీ బొగ్గువే, ఎందుకంటే సోలార్ సాయంత్రానికి సెలవు తీసుకుంటుంది, మనం ఏసీ వేసేది ఆ తర్వాతే. బొగ్గును రేపే మూసేయమనడం న్యాయం కూడా కాదు. మన దేశంలో మనిషికి వచ్చే కార్బన్ కాలుష్యం ప్రపంచ సగటులో సగం కూడా లేదు. సింగరేణిలాంటి చోట్ల వేల కుటుంబాలు ఆ గనుల మీదే బతుకుతున్నాయి. 2070కి నెట్ జీరో, అంటే గాలిలోకి వదిలినంత కార్బన్‌ను తిరిగి తీసేసే స్థితి, అని గడువు పెట్టుకున్నది అందుకే. ఈలోగా మన చేతిలో ఉన్నది, ఎండ ఉన్నప్పుడు పని కానిచ్చుకోవడం.

నంద్యాల జిల్లా పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లను పై జలాశయానికి ఎక్కించి, అవసరమైన వేళ కిందికి వదిలి 1,680 మెగావాట్ల దాకా తీసే ఏర్పాటు ఉంది. మన ఓవర్‌హెడ్ ట్యాంకు దానికి పసిబిడ్డలాంటిది. కిందికి వచ్చేటప్పుడు కరెంటు ఇవ్వదుగానీ, మధ్యాహ్నపు ఎండను తెల్లారి స్నానాలకు దాచిపెడుతుంది. అందుకే మోటారును పదకొండు నుంచి రెండు మధ్యకు మార్చాం. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు "పొద్దున్నే ట్యాంకు ఖాళీ అయితే ఎవరు పూచీ?" అని గట్టిగానే అడిగారు. వాళ్ల భయంలో అర్థముంది. ముందురోజు రాత్రి ట్యాంకు సగం కంటే తగ్గితే పాత వేళకే మోటారు వేస్తామని ఒప్పందం చేసుకున్నాం. కొండ కింద గదులు నిండిపోయి చుట్టాలందరూ మన ఇళ్లకే దిగే బ్రహ్మోత్సవాల రోజుల్లోనే ఈ అవసరం ఎక్కువగా పడింది.

సొంత ఇళ్ల మీద పెట్టించుకునేవాళ్లు ముందు బిల్లు స్లాబు చూసుకోండి. మన రాష్ట్రంలో 226 నుంచి 400 యూనిట్ల దాకా యూనిట్‌కు 8.75 రూపాయలు, ఆ పైన 9.75 పడుతుంది. సోలార్ ముందుగా కోసేది ఈ పై యూనిట్లనే కాబట్టి రెండు ఏసీల ఇంటికి పెట్టుబడి త్వరగా తిరిగొస్తుంది. నెలకు 100 యూనిట్లు దాటని ఇంటికి తొందరేమీ లేదు. ఏజెంట్లు వచ్చి తొందరపెడితే నా పేరు చెప్పండి. బీసీ కుటుంబాలకు రాష్ట్రం అదనంగా 20 వేల దాకా ఇస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పలకల మీద జీఎస్టీ కూడా 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

సోలారంటే కొత్త ఫ్యాషనని తీసిపారేసే సభ్యులకు ఒక మాట. తిరుమల కొండ మీద 2002లోనే సూర్యరశ్మితో ఆవిరి పుట్టించి రోజుకు 15 వేల మందికి వంట చేసే ఏర్పాటు పెట్టారు. ఘాట్ రోడ్డులో 2022 నుంచి కరెంటు బస్సులు తిరుగుతున్నాయి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన ఒక్కటే: హాలు పక్కన స్కూటర్లకు చార్జింగ్ పాయింటు. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకే పనిచేస్తుంది, యూనిట్ ధర సమావేశంలో తేలుద్దాం. రాత్రిపూట కూడా కావాలని యువకులు అడుగుతున్నారు, నేను మాత్రం ఒప్పుకోను. ఓటింగు పెడితే కట్టుబడతాను. అభ్యంతరాలు ఉన్నవాళ్లు సమావేశానికి మూడు రోజుల ముందే రాతపూర్వకంగా హాలు రిజిస్టరులో నమోదు చేయగలరు.

ఇట్లు,
కార్యదర్శి