వరద సాయంలో మాటా, డబ్బూ ఊరి సంఘాల చేతికివ్వాలి

సంపాదకుల వారికి నమస్కారం.

2021 నవంబరులో రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చిందని తెలిసినప్పుడు పడ్డ టెన్షన్ నేను బతికున్నంత కాలం మరిచిపోను. మాది ఆ చెరువు కింది ఊరు. అధికారులు ఊళ్లు ఖాళీ చేయమన్నారు. కట్ట మీద ఇసుక బస్తాలు వేస్తుంటే, డ్వాక్రా సంఘాల ఆడవాళ్లం ఇల్లిల్లూ తిరిగి నడవలేని ముసలివాళ్లనూ బాలింతలనూ ట్రాక్టర్లు ఎక్కించాం. ముంపు లేని ఊళ్లో పొయ్యిలు పెట్టి మూడు రోజులు వండాం. బియ్యం కొంత మా ఇళ్ల నుంచి తెచ్చాం, మిగతాది పొదుపు డబ్బుతో కొన్నాం.

వాన తగ్గాక ఒక పెద్ద సంస్థ వాళ్లు కిట్లు తెచ్చారు. మంచి మనసుతోనే వచ్చారు. దుప్పట్లు, బకెట్లు అందరికీ పనికొచ్చాయి. కానీ అప్పుడు మాకు అన్నిటికన్నా ముందు కావలసింది పశువులకు మేత. గడ్డివాములు తడిసి కుళ్లిపోయాయి. మా వైపు పంట పోయినా పాల డబ్బుతో ఎలాగో నెట్టుకొస్తాం. ఆవు వట్టిపోతే ఇల్లు గడవదు. మేత కొనివ్వమని అడిగాం. "దానికి బడ్జెట్ లేదమ్మా" అన్నాడు వచ్చిన అబ్బాయి. అతని తప్పేం లేదు. ఏం కొనాలో ముందే ఇంకెక్కడో రాసుకొచ్చారు. ఎవరికి ఇవ్వాలో జాబితా రాసింది మేము, లారీ దించింది మేము, సంతకాలు పెట్టించింది మేము. ఏం కావాలో మాత్రం మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఈ సంగతి ప్రపంచంలో పెద్దవాళ్లకూ తెలుసు. 2016 మే నెలలో ఇస్తాంబుల్‌లో జరిగిన సదస్సులో దాత దేశాలు, పెద్ద సంస్థలు కలిసి ఒక మాట ఇచ్చాయి: 2020 కల్లా మానవతా సాయం నిధుల్లో 25 శాతం వీలైనంత నేరుగా స్థానికులకే చేరుస్తామని. గడువు దాటి ఏళ్లయినా ఆ మాట నిలబడలేదు. ఇప్పుడు అసలు నిధులే తగ్గిపోతున్నాయి. అమెరికా సాయం నడిపిన యూఎస్‌ఎయిడ్ 2025 జూలై 1 నుంచి ఆ పని మానేసింది. చేతిలో డబ్బు తక్కువైనప్పుడైనా దాన్ని దగ్గరివాళ్ల ద్వారా ఖర్చుపెట్టడం మేలు కదా.

మన దేశంలో దారి ఇంకా ఇరుకైంది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును మరో సంస్థకు పంచకూడదు. దుర్వినియోగం ఆపాలనుకోవడం సరే, కానీ ఢిల్లీలోనో హైదరాబాదులోనో ఉన్న సంస్థ వరద వచ్చినా ఊరి సంస్థకు ఆ డబ్బులో రూపాయి ఇవ్వడానికి వీల్లేదు. విపత్తుల వరకైనా ఈ నిబంధన సడలించాలి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే సీఎస్ఆర్ డబ్బు సంగతీ చూడండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం అర్హమైన కంపెనీలు లాభంలో 2 శాతం పెట్టాలి, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. మన జిల్లాలో ఫ్యాక్టరీలున్న శ్రీసిటీ ఉంది, రేణిగుంట ఉంది. అయినా ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపు కాగితాలు లేని చిన్న సంఘం ఆ కంపెనీల గేటు దాకా కూడా పోయే వీల్లేదు.

ఊరివాళ్లకు డబ్బిస్తే లెక్కలు తేలవని కొందరంటారు. మా సంఘాలు ప్రతి నెలా పుస్తకం రాస్తాయి, బ్యాంకు అప్పు కంతులు కడతాయి. అయితే ఊళ్లో పార్టీలూ కులాలూ ఉన్నాయి. యానాదుల గుడిసెలకు సాయం చివర్లో చేరడం నా కళ్లతో చూశాను. అది మా తప్పే. అందుకే ఎవరికి ఎంత చేరిందో గ్రామసభలో పేరుపేరునా చదవాలి, ఆ వాడల నుంచి ఒకరు సాయం పంచే కమిటీలో ఉండి తీరాలి.

2005 విపత్తు నిర్వహణ చట్టం కింద జిల్లా ప్రాధికార సంస్థకు అధ్యక్షులు కలెక్టరు గారే. నవంబరు వానలు రాకముందే ఆ సంస్థ వేసే విపత్తు ప్రణాళికలో, మా సంఘాలన్నీ కలిసిన మండల సమాఖ్యలకు చోటివ్వాలి. వరద రోజే వాడుకునేలా కొంత డబ్బు వాటి ఖాతాలో ముందే వేయాలి. పెద్ద సంస్థలు కిట్లు కొనేముందు మాతో కూర్చోవాలి. మంచం దిగలేనివాళ్లు ఎవరింట్లో ఉన్నారో, ఎవరికి నెలలు నిండాయో, ఏ ఇంట్లో ఎన్ని ఆవులున్నాయో మాకు తెలుసు. కలెక్టరు గారు పిలిస్తే వాడలవారీగా రాసుకుని తిరుపతికి వస్తాం.

ఇట్లు,
గ్రామ సమాఖ్య సభ్యురాలు,
రామచంద్రాపురం మండలం, తిరుపతి జిల్లా